అమెరికా సెక్యూరిటీ క్లియరెన్స్: ఇండియాలో అమ్మానాన్నలు, బావ దగ్గర అప్పు, పేరు మీద పడి ఉన్న ఎఫ్‌డీ

అమెరికా పౌరసత్వం వచ్చాక వర్జీనియాలోనో మేరీలాండ్‌లోనో డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగం తగిలి, ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి (సెక్యూరిటీ క్లియరెన్స్) కావాల్సి వస్తే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అమ్మానాన్నలు ఇండియాలో ఉన్నారు కదా, క్లియరెన్స్ ఇస్తారా?" ఇస్తారు. తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువులు ఇండియాలో ఉండగానే తెచ్చుకున్నవాళ్లు ఉన్నారని రక్షణ శాఖ అప్పీళ్ల కార్యాలయం డోహా, పేర్లు తీసేసి నెట్‌లో పెట్టే తీర్పులు చదివినా తెలుస్తుంది. అసలు చిక్కు ఆ బంధువుల చుట్టూ కాగితం లేకుండా తిరిగిన డబ్బుతో వస్తుంది. మన ఇళ్లలో అలాంటి డబ్బు తక్కువేం కాదు.

ముందు కనీస సంగతులు. క్లియరెన్స్‌కి ఎవరికి వారు అప్లై చేసుకోలేరు. కంపెనీ లేదా ప్రభుత్వ విభాగం స్పాన్సర్ చేయాలి, మీరు సిటిజన్ అయి ఉండాలి. గ్రీన్‌కార్డు చాలదు. ఐటీ కాంట్రాక్టుల్లో తరచూ వినిపించే పబ్లిక్ ట్రస్ట్ వేరు, అది రహస్య సమాచారం చూసే అనుమతి కాదు, దానికి ఎస్‌ఎఫ్-85పీ ఫారం. అది వచ్చినవాళ్లు "నాకు క్లియరెన్స్ ఉంది" అని రెజ్యూమేలో రాసుకోవడం తప్పు. సీక్రెట్, టాప్ సీక్రెట్ అనే క్లియరెన్స్ స్థాయిల్లో దేనికైనా ఎస్‌ఎఫ్-86 అనే ఫారం నింపాలి, ఇప్పుడు ఈయాప్ అనే వెబ్‌సైట్‌లో. రక్షణ శాఖ కాంట్రాక్టర్ల విచారణ ఆ శాఖలోని డీసీఎస్ఏ అనే సంస్థ చేస్తుంది. తూకం వేసేది 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న సీడ్-4 ఆదేశం ప్రకారం. అందులో ఎ నుంచి ఎమ్ వరకు 13 గైడ్‌లైన్లు. విదేశీ ప్రభావానిది బి, డబ్బు వ్యవహారాలది ఎఫ్. ఈ రెండింటి దగ్గర దాచినవాళ్లు వెళ్లి పడేది ఇ, అంటే వ్యక్తిగత ప్రవర్తన.

ఇంకో మాట ముందే తెలిసి ఉండాలి. క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని 1988లో ఈగన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అనుమానం మిగిలితే అది మీకు వ్యతిరేకంగానే తేలుతుంది. "నేను తప్పు చేశానని నిరూపించండి" అనే వాదన ఇక్కడ నడవదు. ఆరోపణకు ఆధారం ఉందనిపిస్తే, దాని బరువు తగ్గించే కాగితం తేవలసింది మీరే.

బంధువుల సంగతి

గైడ్‌లైన్ బి కింద చూసేవి మూడు: ఏ దేశం, ఆ బంధువు ఎవరు, మీకు ఎంత దగ్గర. మీ వాళ్ల ద్వారా మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి పెట్టగలరా అన్నదే ప్రశ్న. ఇండియా శత్రుదేశం కాదు, ప్రజాస్వామ్యం, అమెరికాకు రక్షణ భాగస్వామి కూడా. అయినా ఇండియా కేసుల్లో ప్రభుత్వ న్యాయవాది ఉగ్రవాదం గురించి, సాంకేతిక పరిజ్ఞానం అక్రమంగా తరలించిన పాత కేసుల గురించి జడ్జి ముందు పెట్టడం మామూలే. అమెరికా విదేశాంగ శాఖ ప్రయాణ హెచ్చరికల్లో నక్సలైట్ల ప్రాంతమంటూ ఉత్తర తెలంగాణ పేరు కూడా కనిపించింది. మీ ఊరు అటువైపే అయితే ఆ ప్రస్తావన రావచ్చు. కంగారు పడనక్కర్లేదు, మీవాళ్లు ఏ ఊళ్లో ఏం చేస్తూ ఉంటున్నారో తిన్నగా చెప్పగలిగితే చాలు.

బంధువు ఉద్యోగం మాత్రం బరువైన విషయం. ఫారం ప్రతి విదేశీ బంధువు గురించీ అడుగుతుంది: ప్రభుత్వంతో, సైన్యంతో, భద్రతా సంస్థలతో, రక్షణ పరిశ్రమతో, నిఘా సంస్థలతో సంబంధం ఉందా అని. ఇక్కడ తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది. హైదరాబాద్‌లో డీఆర్‌డీఎల్, రీసెర్చ్ సెంటర్ ఇమారత్, బీడీఎల్, మిధాని, ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ, విశాఖలో నేవీ డాక్‌యార్డ్, ఎన్‌ఎస్‌టీఎల్, శ్రీహరికోటలో షార్, అన్నీ ప్రభుత్వ రక్షణ, అణు, అంతరిక్ష సంస్థలే. పెద్ద కుటుంబంలో ఎవరో ఒకరు వీటిలో దేనిలోనో చేసి ఉంటారు. బీడీఎల్‌లో చేసే తమ్ముణ్ణి "ఇంజనీర్, ప్రైవేట్" అని రాస్తే అది పొరపాటుగా కనిపించదు, దాచినట్టే కనిపిస్తుంది. జిల్లా పరిషత్ స్కూల్లో టీచరుగా రిటైరై పెన్షన్ తీసుకునే అమ్మ కూడా ప్రభుత్వంతో సంబంధం ఉన్నట్టే, ఆ ముక్క రాసి పెట్టండి. టీచరు పెన్షన్ వల్ల ఎవరి క్లియరెన్సూ ఆగిపోదు. రాయకపోవడం వల్ల మాత్రం ప్రశ్నలు పుడతాయి.

అత్తగారి వైపు వాళ్లతో మాటల్లేవని కొందరు ధీమాగా ఉంటారు. భార్య లేదా భర్త తల్లిదండ్రులతో, తోబుట్టువులతో మీకు అనుబంధమో బాధ్యతో ఉంటుందనే డోహా మొదలుపెడుతుంది. లేదని మీరే చూపించాలి.

తక్కెడ రెండో పళ్లెంలో పెట్టేది అమెరికాలో మీ వేళ్లు ఎంత లోతుగా ఉన్నాయన్నది. ఎన్నేళ్లుగా ఉంటున్నారు, పిల్లలు ఎక్కడ పుట్టారు, ఇల్లు, 401కే అనే రిటైర్మెంట్ ఖాతా, ఇక్కడి స్నేహాలు, ఓటు. ఇక్కడ ఇల్లూ 401కే కలిసి ఆరు లక్షల డాలర్లు, అక్కడ 30 లక్షల రూపాయల ప్లాటు ఒకటి అనుకుందాం. ఆ ప్లాటు కోసం మనిషి లొంగిపోతాడని ఎవరూ అనుకోరు. అదే లెక్క తిరగబడితే, ఇక్కడ అద్దె ఇల్లు, అక్కడ కొంపల్లిలో రెండు ఫ్లాట్లూ నల్గొండలో పొలమూ అయితే, మాటలు ఎన్ని చెప్పినా అంకెలు అటువైపే మొగ్గుతాయి. అందుకే ఆస్తుల పట్టిక రెండు వైపులా తయారు చేసి, రెండు దేశాల శాతాలు వేసి పెట్టుకోవడం మంచిది.

ఫారంలో మనవాళ్లు తడబడే చోట్లు కొన్ని. నాన్నగారి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పుట్టినరోజు, అసలుది ఒకటి. ప్రభుత్వ కాగితం మీదున్నది రాసి, కామెంట్‌లో ఒక వాక్యం పెట్టండి. తేదీ సరిగ్గా తెలియకపోతే పక్కనే అంచనా అనే గడి ఉంది, అది టిక్ చేయండి. పాత ఇండియన్ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అమెరికా వీసాలో పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడినవాళ్లు, ఆ రూపాన్ని కూడా ఇతర పేర్ల సెక్షన్ 5లో చేర్చాలి. పెదనాన్న కొడుకులు, పిన్ని కూతుళ్లు సెక్షన్ 18 బంధువుల పట్టికలోకి రారు. వాళ్లతో గత ఏడేళ్లలో దగ్గరి లేదా ఎడతెగని సంబంధం ఉంటే సెక్షన్ 19లో రాయాలి. ఎనభై మంది ఉన్న ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు మొత్తాన్ని ఎక్కించనక్కర్లేదు. ఎవరితో మీరు విడిగా ఫోన్ చేసి మాట్లాడతారో, ఇచ్చిపుచ్చుకుంటారో వాళ్లు చాలు.

పౌరసత్వం సంగతి మనకు తేలిక. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం అమెరికా సిటిజన్ అయిన రోజునే భారత పౌరసత్వం పోతుంది, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. పాత పాస్‌పోర్టు సరెండర్ సర్టిఫికెట్ కాపీ దగ్గర పెట్టుకోండి. ఓసీఐ ఉందని దాచకుండా కామెంట్‌లో రాయండి. ఊళ్లో ఓటరు జాబితాలో మీ పేరు ఇంకా ఉంటే ఫారం-7 పెట్టి తీయించేయండి. ఇంట్లోవాళ్లు "ఉంటే ఉండనీలే" అంటారు, వినకండి.

మీ పేరు మీద ఉన్నవి, మీకే తెలియనివి

సెక్షన్ 20 విదేశీ ఆస్తుల గురించి "ఎప్పుడైనా" అని అడుగుతుంది. ఏడేళ్ల పరిమితి లేదు. మొదటి ఉద్యోగంలో అమీర్‌పేటలో తెరిచిన జీతం ఖాతా, క్లోజ్ చేసేసినా సరే, లెక్కలోకి వస్తుంది. పాత కంపెనీలో తీసుకోకుండా వదిలేసిన పీఎఫ్, పీపీఎఫ్, ఎల్‌ఐసీ పాలసీ, షేర్లు అన్నీ వస్తాయి. విదేశీ ప్రభుత్వం నుంచి ఏదైనా ప్రయోజనం పొందారా అన్న ప్రశ్న కూడా ఉంది. పొలం పట్టా మీ పేరున ఉండి రైతుబంధు లాంటి డబ్బు మీ ఖాతాలో పడిందా? బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించి చూసుకోండి. అమ్మానాన్నలకు నెలనెలా పంపే డబ్బు కూడా ఇదే సెక్షన్‌లో చెప్పాలి, ఎందుకంటే విదేశీయులకు ఆర్థిక సాయం ఎప్పుడైనా చేశారా అని అక్కడే అడుగుతారు. చెప్పడంలో నష్టం లేదు. తల్లిదండ్రుల మందులకు నెలకు 300 డాలర్లు పంపే మనిషిని ఎవరూ అనుమానించరు.

అన్నింటికన్నా ఎక్కువ ఇరికించేది నాన్నగారు జాయింట్‌గా వేసిన ఎఫ్‌డీ. "రేపు నాకేమైనా అయితే ఇబ్బంది ఉండకూడదు" అని అబ్బాయి పేరు కలుపుతారు. డబ్బు మీది కాకపోయినా ఖాతా మీది కూడా. దాన్ని ఎస్‌ఎఫ్-86లో రాయాలి, అమెరికా పన్నుల లెక్కలోనూ చూపాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక, అంటే ఫిన్‌సెన్ ఫారం 114 వేయాలి. జాయింట్ ఖాతా అయితే మొత్తం నిల్వ లెక్కపెట్టాలి, సగం కాదు. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది. ఇది కాక విదేశీ ఆర్థిక ఆస్తులు చూపే ఫారం 8938. అమెరికాలో ఉండే ఒంటరి వ్యక్తికి ఏడాది చివర 50,000 లేదా మధ్యలో ఎప్పుడైనా 75,000 డాలర్లు దాటితే, జంటగా ఫైల్ చేసేవాళ్లకు 1,00,000, 1,50,000.

విదేశీ సంపాదన దాచుకునే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేసిన ఎఫ్‌డీ వడ్డీ ఇండియాలో పన్ను లేనిది కాబట్టి ఇక్కడా చూపక్కర్లేదనుకోవడం మనవాళ్లలో పాతుకుపోయిన భ్రమ. అమెరికాలో అది పన్ను వేయదగ్గ ఆదాయమే. ఇండియన్ మ్యూచువల్ ఫండ్లకు ఫారం 8621 తలనొప్పి వేరే ఉంది. పన్ను రిటర్న్ వేయకపోవడం, మోసపూరితంగా వేయడం గైడ్‌లైన్ ఎఫ్‌లో పేరుపెట్టి రాసిన లోపాలు. కావాలని చేయని తప్పయితే, అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ మీ మీద పరీక్ష మొదలుపెట్టక ముందే స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతిలో సరిచేసుకోవచ్చు: మూడేళ్ల రిటర్నులు సవరించి, ఆరేళ్ల ఎఫ్‌బార్లు వేసి, ఫారం 14654 మీద ఎందుకలా జరిగిందో సంతకం పెట్టి చెప్పాలి. అమెరికాలో ఉండేవాళ్లకు 5 శాతం పెనాల్టీ పడుతుంది. ఎస్‌ఎఫ్-86 చేతికి రాకముందే ఇది ముగిస్తే ఒక రకం, విచారణాధికారి అడిగాక పరుగెత్తితే ఇంకో రకం.

అప్పులు

మార్ట్‌గేజ్, కారు లోను, క్రెడిట్ కార్డు బాకీ ఉండటం తప్పు కాదు. కట్టకపోవడం తప్పు. సెక్షన్ 26 గత ఏడేళ్లలో 120 రోజులు దాటి ఆగిన చెల్లింపులు, కలెక్షన్‌కి వెళ్లినవి, రద్దు పద్దులో రాసేసినవి, దివాలా, జీతం జప్తు, పన్ను బకాయిలు అడుగుతుంది. మీరు హామీ సంతకం పెట్టిన అప్పులు కూడా అందులో భాగమే. తోడల్లుడి హోమ్‌లోన్‌కి ష్యూరిటీ పెట్టి మర్చిపోయినవాళ్లు ఇక్కడ ఆగి ఒకసారి ఫోన్ చేయాలి.

ఇండియా అప్పు అమెరికా క్రెడిట్ రిపోర్టులో కనిపించదు. కనిపించదు కదా అని వదిలేసేది ముఖ్యంగా ఎంఎస్ చదువుకి తీసుకున్న విద్యారుణం. ఇల్లు తాకట్టు, నాన్న సహరుణగ్రహీత, మధ్యలో ఉద్యోగం పోయి వాయిదాలు ఆగాయి, బ్యాంకు దాన్ని మొండిబకాయిగా రాసుకుంది. ప్రశ్న "ఏ అప్పైనా" అని ఉంది, దేశం పేరు లేదు. సిబిల్ రిపోర్టు తెప్పించుకుని, మీకు తెలియకుండా నడుస్తున్నవి ఏమున్నాయో చూడండి. చిట్టీ పాడుకుని డబ్బు ఎత్తినవాళ్లకు మిగిలిన వాయిదాలు అప్పే. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసిచ్చిన డబ్బూ అప్పే. నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, కోర్టులో వసూలు చేయలేరు. క్లియరెన్స్ దగ్గర ఆ మాట చెల్లదు. కాలదోషం పట్టిన బాకీ, ఏడేళ్లు దాటి క్రెడిట్ రిపోర్టులోంచి రాలిపోయిన బాకీ, బ్యాంకే వదులుకుని, అప్పు రద్దు చేశామని 1099-సీ ఫారం పంపిన బాకీ, వీటిలో ఏదీ మీరు నిజాయితీగా తీర్చే ప్రయత్నం చేశారని చూపించదు.

అప్పులన్నీ తీరిపోయి ఉండాలని ఎవరూ అనరు. ఒక పద్ధతి ప్రకారం తీర్చే ఏర్పాటు, ఆ ఏర్పాటు నడుస్తోందనే రుజువు కావాలి. ఉద్యోగం పోవడం, అనారోగ్యం, విడాకులు లాంటి చేతిలో లేని కారణాలైతే అది మీ పక్షాన నిలుస్తుంది, ఆ తర్వాత మీరు బాధ్యతగా నడుచుకుని ఉంటే. ఫారం పెట్టిన వారం ముందు మొదలైన వాయిదాలకన్నా ఏడాదిగా నడుస్తున్న 150 డాలర్ల వాయిదాకి విలువ ఎక్కువ.

ఇప్పుడు బి, ఎఫ్ గైడ్‌లైన్లు రెండూ కలిసే చోటు. ఇల్లు కొనేటప్పుడు డౌన్‌పేమెంట్‌కి 40,000 డాలర్లు తక్కువ పడ్డాయి. హైదరాబాద్‌లో బావ సర్దాడు. మార్ట్‌గేజ్ కంపెనీ ఈ డబ్బు ఎక్కడిదని అడిగింది, గిఫ్ట్ లెటర్ ఇమ్మంది. తిరిగి ఇవ్వనక్కర్లేదని బావ చేత సంతకం పెట్టించి ఇచ్చారు. ఇంట్లో మాత్రం అందరికీ తెలుసు, అది చేబదులు. మూడేళ్ల తర్వాత క్లియరెన్స్ ఫారం ముందుంది. అప్పు అని రాస్తే మార్ట్‌గేజ్ కంపెనీకి ఇచ్చిన ఉత్తరం అబద్ధం; అబద్ధపు రుణపత్రాలు గైడ్‌లైన్ ఎఫ్‌లో ప్రత్యేకంగా ఉన్నాయి. అప్పు కాదని రాస్తే నెలనెలా బావకి వెళ్తున్న వైర్లు ఏమిటన్న ప్రశ్న. విదేశీయుడికి ఆర్థికంగా కట్టుబడి ఉండటం గైడ్‌లైన్ బి. ఒక్క సర్దుబాటు మూడు చోట్ల తేలుతుంది. ఒకవేళ నిజంగానే బహుమతి అయి, ఒక ఏడాదిలో 1,00,000 డాలర్లు దాటి ఉంటే విదేశీ బహుమతులు చూపే ఫారం 3520 కూడా వేసి ఉండాలి.

ఇలాంటిది ఇప్పటికే జరిగి ఉంటే, ఫారం నింపకముందు ఇలాంటి కేసులు చూసే లాయరుతో ఒక గంట మాట్లాడటానికి పెట్టే ఖర్చు దండగ కాదు. ఇంకా జరగకపోతే, బంధువు దగ్గర తెచ్చుకునే డబ్బు అప్పయితే అప్పనే రాసుకోండి: మొత్తం, వడ్డీ, వాయిదా, తేదీలు, ఇద్దరి సంతకాలు. బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపండి. "అక్కడ మా నాన్నకి రూపాయలివ్వు, ఇక్కడ నీకు డాలర్లిస్తాను" అని స్నేహితులు చేసుకునే సర్దుబాటు ఇండియాలో విదేశీ మారక చట్టం ఫెమా ఉల్లంఘన. పైగా దానికి ఏ జాడా ఉండదు కాబట్టి అమెరికాలో మీ ఖాతాలో పడిన డాలర్లు ఎక్కడివో మీరు చూపించలేరు.

నోటీసు వస్తే

విచారణ పూర్తయ్యేలోపు ఇచ్చే తాత్కాలిక (ఇంటెరిమ్) క్లియరెన్స్ రాకపోతే కొంప మునిగినట్టు కాదు. విదేశీ సంబంధాలున్నవాళ్లకు అది ఆగడం మామూలే, అసలు నిర్ణయం తర్వాత వస్తుంది. బరువైన అభ్యంతరం ఉంటే స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అనే నోటీసు వస్తుంది. కాంట్రాక్టర్లకు అది అందిన 20 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కో ఆరోపణకు విడివిడిగా ఒప్పుకుంటున్నాననో కాదనో ప్రమాణపూర్వకంగా రాసి, జడ్జి ముందు విచారణ కావాలా, కాగితాల మీద తీర్పు చాలా అన్నది చెప్పాలి. బంధువుల కేసుల్లో విచారణే మేలు. మీ అమ్మగారితో మీ అనుబంధం ఎలాంటిదో, ఆవిడ పింఛను మీద ఎలా బతుకుతున్నారో కాగితం కన్నా మీ నోటితో చెబితే జడ్జికి బాగా అర్థమవుతుంది. వ్యతిరేకంగా తీర్పొస్తే అప్పీలు నోటీసుకి 15 రోజులు. ఆ తర్వాత మళ్లీ అడగాలంటే ఏడాది ఆగాలి.

ఫారంలో వదిలేసింది గుర్తొస్తే విచారణాధికారి అడిగే దాకా ఆగకండి. ఎవరూ నిలదీయక ముందే మీరే చెప్పి దిద్దుకుంటే గైడ్‌లైన్ ఇ కింద అది మీకు కలిసొస్తుంది. కన్సల్టెన్సీ వాళ్లు అప్పట్లో రెజ్యూమేలో ఎక్కించిన లేని అనుభవం, ఖాళీగా ఉన్న నెలలు కూడా ఇందులోకే వస్తాయి. పదేళ్ల ఉద్యోగ చరిత్ర అడుగుతారు, పేరోల్ లెక్కలతో సరిచూస్తారు.

క్లియరెన్స్ వచ్చాక

ఇప్పుడు ఐదేళ్లకో పదేళ్లకో ఒకసారి కాక నిరంతరం గమనిస్తూ ఉంటారు. సీడ్-3 అనే మరో ఆదేశం ప్రకారం ఇండియా ప్రయాణాన్ని టికెట్ ఎక్కకముందే మీ కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌కి చెప్పాలి. రాత్రికి రాత్రి నాన్నగారికి సీరియస్ అని బయల్దేరాల్సి వస్తే, చెప్పే వీలే లేకపోతే, తిరిగొచ్చిన ఐదు పనిదినాల్లో పూర్తి వివరాలివ్వాలి. టాప్ సీక్రెట్ ఉన్నవాళ్లు కొత్త విదేశీ ఖాతా, విదేశీ ఆస్తి, 10,000 డాలర్లకు పైబడి అనుకోకుండా చేతికొచ్చిన సొమ్ము కూడా చెప్పాలి. వారసత్వంగా వచ్చిన పొలంలో మీ వాటా అమ్మితే పడే డబ్బు ఇదే కోవలోది. అది ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్నారైలు ఉంచుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి వచ్చి, సీఏ సర్టిఫికెట్‌తో ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల పరిమితిలో అమెరికాకు వస్తుంది. లీగల్ హెయిర్ సర్టిఫికెట్, పాత పట్టాదారు పాస్‌బుక్, ఈసీ, సేల్ డీడ్, ఇండియాలో కట్టిన పన్ను చలానా, బ్యాంకు బదిలీ రసీదు ఒకే ఫైల్లో ఉంచి, డబ్బు ఇక్కడి ఖాతాలో పడే ముందే సెక్యూరిటీ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి.